యంత్రం చెక్కిన అమ్మవారికి కళ్ళు ఎవరు తెరవాలి?

గుండ్లకమ్మ ఒడ్డు (చర్చ ప్రారంభించినవారు)

పొదిలికి దగ్గరలోని మా పల్లెలో గ్రామదేవత గుడిని తిరిగి కడుతున్నాము. పాత విగ్రహానికి కుడిచేయి మణికట్టు దగ్గర విరిగి చాలా ఏళ్ళయింది. భిన్నమైన విగ్రహాన్ని మూలస్థానంలో ఉంచరాదని పెద్దలు చెప్పడంతో కొత్తది చేయించాలని అనుకున్నాము. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి ఎనిమిది నెలల గడువు అడిగారు. చీమకుర్తి దారిలోని ఒక రాతి యార్డు వారు కంప్యూటరుతో నడిచే యంత్రం మీద పన్నెండు రోజుల్లో, అందులో మూడో వంతు ధరకే చెక్కి ఇస్తామంటున్నారు. కమిటీలో సగం మంది అటు, సగం మంది ఇటు ఉన్నారు. మనిషి చేయి పడని రాతిలోకి అమ్మవారు వస్తుందా అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక ఇక్కడ రాస్తున్నాను. యార్డు యజమానిని కూడా ఈ చర్చకు రమ్మని నేనే పిలిచాను.

మరొక చిన్న సందేహం. యార్డు వారు చూపిన నమూనా బొమ్మలో అమ్మవారి కుడిచెవి కమ్మకు మూడు ముత్యాలు వేలాడుతున్నాయి, ఎడమచెవి కమ్మకు రెండే ఉన్నాయి. ఇది శాస్త్రంలో చెప్పిన విశేషమేనా?

కొండపి మాస్టారు

ముందు మాట సంగతి తేల్చుకుందాం. యంత్రం అనగానే మోటారు గుర్తుకు రావడం మన కాలపు అలవాటు. ప్రతిష్ఠ నాడు పీఠం కింద గుంటలో నవరత్నాలతో పాటు ఉంచే రాగిరేకును కూడా మన పెద్దలు యంత్రమనే పిలిచారు. యంత్రస్థాపన జరగనిదే ఏ దేవతా పీఠం మీద కూర్చోదు. యంత్రం మీద కూర్చునే తల్లి యంత్రం నుంచి పుట్టడానికి ఎందుకు అభ్యంతరం చెబుతుందో నాకు తెలియడం లేదు.

ఇక కమ్మల సంగతి. మూడు ముత్యాలు సత్త్వ రజస్తమో గుణాలు, రెండు ముత్యాలు ప్రకృతి పురుషులు. శక్తికి స్థానమైన ఎడమవైపున ద్వంద్వాన్ని, కుడివైపున త్రిగుణాన్ని చూపడం చాలా లోతైన కల్పన. ఆ నమూనా తయారుచేసినవారు చదువుకున్నవారై ఉండాలి.

సింగరకొండ భక్తుడు

మా గుడిలో హారతి వేళకు మీట నొక్కితే డ్రమ్ము, గంట, తాళాలు వాటంతట అవే మోగే మిషను పెట్టి పదేళ్ళు దాటింది. అప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఉలిచప్పుడు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. రాగిరేకు మీది గీతలూ బీజాక్షరాలూ వాటంతట అవి పుట్టలేదు. స్నానం చేసి, మడితో, జపం చేసుకుంటూ ఒకరు గీస్తేనే ఆ రేకు పీఠం కిందికి వెళ్తుంది. ఒకే మాట రెండు వస్తువులకు చెల్లినంత మాత్రాన ఆ రెండూ ఒకటి కావు.

మా నాన్నగారు నలభై ఏళ్ళకు పైగా విగ్రహాలు చెక్కారు. నేను లెక్కలు చెప్పుకొని బతుకుతున్నాను గాని, పుట్టింది ఉలి చప్పుళ్ళ మధ్యనే. రాయిని ఎన్నుకోవడమే పనిలో సగం. సుత్తితో తట్టినప్పుడు గంటలా మోగితే పుంశిల, కంచు తాళంలా మోగితే స్త్రీశిల, మొద్దుగా పలికితే నపుంసకశిల. దేవుడికి మొదటిది, అమ్మవారికి రెండవది, పునాదికీ గచ్చుకూ మూడవది. గీత, చుక్క, మచ్చ ఉన్న రాయి మూలవిరాట్టుకు పనికిరాదు. చీమకుర్తి గెలాక్సీ రాయికి పాలిష్ పెడితే బంగారు పొడి చల్లినట్టు మెరిసే ఆ చుక్కలనే అమెరికాలో, ఇటలీలో వంటగది బల్లలకు ముచ్చటపడి కొంటారు. విగ్రహానికి వచ్చేసరికి అవే దోషం. యార్డులో యంత్రం ఎక్కించే ముందు రాయిని తట్టి చూసేవారు ఎవరైనా ఉన్నారా?

రాయి దొరికాక కూడా తొందర ఉండదు. ముఖం పని చివరికి ఉంచుకునేవారు. పెదవులు తీర్చేటప్పుడు తెల్లవారుజామునే లేచి, రాతి మీద నీళ్ళు చిలకరించి, ఆముదపు దీపాన్ని పక్కనుంచి పట్టుకోమని నన్ను నిలబెట్టేవారు. ఎదురుగా వెలుతురు పడితే లోతు తెలియదు, పక్కనుంచి పడితే గోరంత ఎత్తుపల్లం కూడా నీడ వేస్తుంది. ఒక దెబ్బ వేసి, వెనక్కి వచ్చి, చూసి, కొన్నిసార్లు ఆ రోజుకు ఇక చాలని ఉలి కింద పెట్టేసేవారు. చాలని ఎలా తెలిసిందని అడిగితే అమ్మ చాలంది అనేవారు. యంత్రానికి చాలని ఎవరు చెబుతారు?

నల్లరాయి

చీమకుర్తి దారిలోని ఆ యార్డు నాదే. దాపరికం అవసరం లేదు కాబట్టి మొదటే చెబుతున్నాను.

ఉలిచప్పుడు అన్నా, మీ రాత బాగుంది. అయితే మీ నాన్నగారి తరువాతి తరం శిల్పులు ఈ రోజు ఏ పనిముట్టుతో చెక్కుతున్నారో ఆళ్లగడ్డకు వెళ్ళి చూడండి. కరెంటు గ్రైండరు, గాలితో కొట్టే ఉలి, వజ్రపు పొడి అద్దిన బ్లేడు లేకుండా ఎనిమిది నెలల్లో మనిషెత్తు విగ్రహం పూర్తికాదు. మోటారు తిప్పే బ్లేడును చేత్తో పట్టుకుంటే భక్తి, అదే బ్లేడును ఇనుప చేయి పట్టుకుంటే అపచారమా? గీత ఎక్కడ గీస్తారో చెప్పండి.

కొలతల విషయానికి వస్తాను. విగ్రహం ఎత్తును పది తాళాలుగా లెక్కించే శాస్త్రపు కొలత దశతాళం. ఉత్తమ దశతాళానికి 124 అంగుళాలు, మధ్యమానికి 120, అధమానికి 116. ఆ అంగుళం టేపు మీది అంగుళం కాదు, విగ్రహం మొత్తం ఎత్తును అన్ని భాగాలు చేయగా వచ్చిన దేహాంగుళం. ఎత్తు మారితే ముక్కు, చెవి, మోకాలు అన్నీ అదే నిష్పత్తిలో మారతాయి. ఇది అక్షరాలా మేము కంప్యూటరుకు ఇచ్చే లెక్కే. చేతుల్లో ఏ ఆయుధాలు ఉండాలో ధ్యానశ్లోకం చెబుతుంది, ఏ భంగిమలో నిలవాలో ఆగమం చెబుతుంది, కొలతలు శాస్త్రం చెబుతుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య శిల్పికి మిగిలే స్వేచ్ఛ ఎంత? వెయ్యేళ్ళుగా మనం శిల్పిని యంత్రంలా పనిచేయమని కోరాము, ఇప్పుడు యంత్రమే వచ్చి పనిచేస్తానంటే మనిషి కావాలంటున్నాము.

పెంచలకోనలో పెనవేసుకున్న రెండు శిలల రూపంలో ఉన్న నరసింహస్వామిని ఎవరు చెక్కారు? ఎవరూ చెక్కలేదు. స్వయంభువు అని మొక్కుతున్నాము. చేయి పడకపోతే దేవుడు రాడనే మాట అక్కడ ఏమవుతుంది?

స్వర్ణాల చెరువు

మా నెల్లూరు రొట్టెల పండుగలో చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇచ్చి రొట్టె తీసుకుంటారు. బారాషహీద్ దర్గాకు వచ్చేవారు రొట్టె ఎవరి పొయ్యి మీద కాలిందో అడగగా నేను వినలేదు.

ఉలిచప్పుడు

స్వయంభువును యంత్రంతో పోల్చడం న్యాయం కాదు. అక్కడ మనిషి తప్పుకున్నాడు, ఇక్కడ మనిషిని తప్పించారు.

గ్రైండరు గురించి. గ్రైండరు పట్టుకున్న చేతికి రాయి గట్టిదనం తెలుస్తుంది, అదురు మోచేతి దాకా వస్తుంది. ఎక్కడ ఆగాలో ఆ అదురే చెబుతుంది.

నల్లరాయి

మా యంత్రానికి కూడా తెలుస్తుంది. రాయిని తొలిచే బిట్ మీద భారం పెరిగితే మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది, దానిని చూసి ఆపరేటరు వేగం తగ్గిస్తాడు. కాబట్టి మీ గీత ఇంకా గీయలేదు. గ్రైండరు పవిత్రమా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.

ఉలిచప్పుడు

ఒక్క మాటలో చెప్పగలిగేది అయితే చర్చ ఎందుకు?

నల్లరాయి

అంటే జవాబు లేదన్న మాట.

సింగరకొండ భక్తుడు

డ్రమ్ము మిషను గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

పాంచరాత్రం

నేను అర్చకత్వం చేస్తున్నవాడిని. తెలిసినంతవరకు చెబుతాను. విగ్రహం లక్షణయుక్తంగా ఉందా, శిలలో దోషం ఉందా అన్నవి మేము మొదట చూస్తాము. ఆ తరువాత విగ్రహాన్ని నీళ్ళలో ఉంచే జలాధివాసం, ధాన్యంలో ఉంచే ధాన్యాధివాసం మొదలైనవి, మంత్రాలతో దేవతా కళలను విగ్రహంలో నిలిపే కళాన్యాసం, ప్రాణప్రతిష్ఠ. దేవతను ఆవాహన చేసేది మంత్రం. ఉలి గాని యంత్రం గాని ఆ పని చేయవు. ఈ లెక్కన నల్లరాయి గారికి ఊరట దొరికినట్టే.

అయితే మధ్యలో నయనోన్మీలనం ఉంది. బంగారు సూదితో కంటిపాప గీతను తెరవడం శిల్పి చేయవలసిన క్రియ. ఆ క్షణం వరకు అది శిల్పి సొత్తు, ఆ తరువాతే మాకు అప్పగింత. శిల్పికి కొత్త బట్టలు పెట్టి, సంభావన ఇచ్చి, తృప్తుడా అని అడిగి, అతను తృప్తుడనని పలికాక సాగనంపడం మేము పాటించే పద్ధతి. శిల్పే లేని చోట ఆ ప్రశ్న ఎవరిని అడగాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కొండపి మాస్టారు

మన నెల్లూరి తిక్కన సోమయాజి భారతం పదిహేను పర్వాలు చెప్పాడు గాని, గంటం పట్టింది గురునాథుడని లోకంలో కథ ఉంది. తాను ఆగకుండా చెబుతానని కవి, తాను ఆపకుండా రాస్తానని లేఖకుడు పంతం వేసుకున్నారట. రాసిన చేయి వేరైనంత మాత్రాన కవిత్వం తిక్కనది కాకుండా పోయిందా? చెప్పేవాడు ముఖ్యం, చెక్కే సాధనం కాదు. నల్లరాయి గారి ఆపరేటరే ఈ కాలపు గురునాథుడు.

ఉలిచప్పుడు

కథను మీరు సగంలో ఆపేశారు మాస్టారూ. మిగతా సగం మీరే మాకు తరగతిలో చెప్పి ఉంటారు. ఒకచోట తిక్కనకు మాట తోచక, ఏమి చెప్పుదు గురునాథా అని పక్కవాణ్ణి అడిగాడట. చెప్పుదున్ తరువాత కురునాథా అన్నది సంధిలో గురునాథా అవుతుంది కాబట్టి, సంజయుడు కురునాథుడైన ధృతరాష్ట్రుణ్ణి పిలిచిన పిలుపుగా ఆ మాటే పద్యంలో ఒదిగిపోయిందని కథ. ఆగిపోయినప్పుడు అడగడానికి పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి ఆ పద్యం వచ్చింది. ఫైలులో లేనిదాన్ని యంత్రం మిమ్మల్ని ఏనాడైనా అడిగిందా?

కొండపి మాస్టారు

ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. కమ్మల వ్యాఖ్యానం మీద మాత్రం నిలబడతాను.

వెంకటగిరి పోలేరమ్మ వీధి

మీరందరూ రాయి దగ్గరే ఆగిపోయారు. మా వెంకటగిరి జాతరలో పోలేరమ్మ రూపును ఏటా కొత్తగా మట్టితో చేస్తారు. కుమ్మరి ఇంట్లో రూపు సిద్ధమవుతుంది, ఊరేగింపు జరుగుతుంది, లక్షల కళ్ళు చూస్తాయి, చివరకు విరూపం చేస్తారు. నిరుటి ముఖం ఏడాది ఉండదు, మరుసటి ఏడాది అదే ముఖం మళ్ళీ రాదు. దాచిపెట్టుకోవడానికి ఫైలు లేదు. మా ఊళ్ళో అమ్మవారికి శక్తి తగ్గిందని ఎవరూ అనలేదు.

నల్లరాయి

సంతోషం. వెంకటగిరిలో మట్టి చాలు, మా యార్డులో రాయి చాలదు.

నేను ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా పెదనాన్న విగ్రహాలు చెక్కేవారు. అవును, మాది కూడా ఆ పనే. గ్రైండరు వచ్చిన కొత్తలో నీళ్ళు పోయకుండా, ముక్కుకు తువ్వాలు చుట్టుకొని పనిచేసేవారు. మధ్యాహ్నానికి షెడ్డులో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. యాభై రెండేళ్ళకు పది అడుగులు నడిస్తే కూర్చోవలసి వచ్చేది. టీబీ అని మందులు వాడారు, చివరికి ఒంగోలులో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే ఊపిరితిత్తులలో రాతిధూళి పేరుకొని గట్టిపడిందని, దానికి మందు లేదని చెప్పారు. మార్కాపురం పలకల పనిలో ఉన్నవారికి ఈ జబ్బు పేరు చెప్పనక్కరలేదు. మా యంత్రం నీళ్ళ ధార కింద పనిచేస్తుంది, ధూళి బురదగా కిందికి పోతుంది, ఆపరేటరు అద్దం అవతల కుర్చీలో కూర్చుంటాడు. దీపపు వెలుగులో పెదవులు తీర్చడం గురించి చదువుతుంటే నాకు పెదనాన్న దగ్గు వినిపించింది. ఆ అందానికి ధర ఎవరి ఊపిరితో చెల్లించారో కూడా రాయండి.

దర్శి కోడలు

అద్దం అవతల ఆపరేటరు ఉంటాడు, నిజమే. యంత్రం దించిన తరువాత పని ఎవరు చేస్తారో కూడా చెప్పండి. నేను అలాంటి ఒక యార్డులో మూడేళ్ళు చేశాను, ఏ యార్డో చెప్పను. బిట్ తిరిగిన చోట రాతి మీద దువ్వెన పళ్ళలా సన్నటి గాట్లు మిగులుతాయి. చంకల కింద, వేళ్ళ సందుల్లో, కమ్మల వెనక బిట్ దూరదు. అక్కడ అరగరాతితో, ఎమరీ కాగితంతో రోజుకూలీకి రుద్దేది ఆడవాళ్ళమే. అమ్మవారి పాదాల వేళ్ళను నేను పదకొండు రోజులు రుద్దాను. మనిషి చేయి పడని విగ్రహమని పైన రాసినవారు ఒకసారి మా గోళ్ళు చూడండి.

గుండ్లకమ్మ ఒడ్డు

అమ్మా, మీ మాట మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, అయితే చేయి పడిందన్న మాట అంది.

నల్లరాయి గారూ, నమూనాకు ముఖం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలరా? కమిటీలో అడుగుతున్నారు.

నల్లరాయి

చెప్పడానికేముంది. కనిగిరి వైపు ఒక అమ్మవారి గుడిలో ధర్మకర్తల అనుమతితో స్కానరుతో తీసుకున్నాము. ముఖం చాలా బాగుంటుంది, చూసినవారంతా అదే కావాలంటున్నారు. ఇప్పటికి మూడు ఊళ్ళకు అదే ముఖంతో ఇచ్చాము.

ఉలిచప్పుడు

ఎడమచెవి కమ్మకు రెండు ముత్యాలు.

మాస్టారూ, అది త్రిగుణమూ కాదు, ద్వంద్వమూ కాదు. అది పెచ్చు. నాకు పదమూడేళ్ళప్పుడు ఆ మూడో ముత్యం తీర్చుతుండగా రాతిలో కనబడని సన్నటి పొర ఊడి వచ్చింది. నాన్న ఆ పూట అన్నం తినలేదు. కుడివైపు కూడా ఒకటి తీసేస్తే సమానమవుతుంది కదా అని నేను అన్నాను. పొరపాటు ఒక చెవికి జరిగితే రెండో చెవికి శిక్ష ఎందుకురా అని, మచ్చ కనబడకుండా చెంప వైపు చక్కగా నునుపు చేసి వదిలేశారు. ఆ విగ్రహం మా నాన్న చెక్కింది. మీరు మా నాన్న ముఖాన్ని మూడు ఊళ్ళకు అమ్ముకున్నారు.

కొండపి మాస్టారు

నా వ్యాఖ్యానాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లరాయి

మాట జాగ్రత్త అన్నా. అమ్ముకున్నది రాయిని, మా పనిని. ముఖం అమ్మవారిది, మీ నాన్నగారిది కాదు. ఆయన మాత్రం ఆ ముఖాన్ని ఎక్కడి నుంచి తెచ్చారు? తన గురువు దగ్గర నేర్చుకున్న ముఖం, ఆయన తన గురువు దగ్గర నేర్చుకున్నది. ఒకరిని చూసి ఒకరు చెక్కకపోతే సంప్రదాయమే లేదు. నేను స్కానరుతో చూశాను, అంతే తేడా. పీఠం మీద మీ నాన్నగారి పేరు కూడా లేదు. గుడికి ఇచ్చిన తరువాత అది దేవుడిది. రవివర్మ 1894లో అచ్చుయంత్రం పెట్టి లక్ష్మీ సరస్వతుల బొమ్మలను ఇంటింటికీ పంపినప్పటి నుంచి మన పూజగదుల్లో ఉన్నవన్నీ నకళ్ళే.

ఉలిచప్పుడు

రవివర్మ తన బొమ్మలను తానే అచ్చు వేయించాడు.

పేరు లేదని మీరు అంటున్నారు కాబట్టి చెబుతాను. పేరు చెక్కించుకోమని ధర్మకర్తలే అడిగారు. నాన్న వద్దన్నారు. ఆయన జీవితంలో కొలతలు శాస్త్రానివి, రాయి గుడిది, డబ్బు దాతది, గడువు ముహూర్తానిది. మీరు అడిగారు కదా, శిల్పికి మిగిలే స్వేచ్ఛ ఎంత అని. పేరు వద్దనడం ఆయన సొంతంగా చేయగలిగిన ఒకే ఒక్క పని. తనంతట తాను వదులుకున్నదాన్ని, యజమాని లేని సొమ్మని మీరు ఎత్తుకెళ్ళారు. ఆయన దేవుడికి ఇచ్చారు. మీకు ఇవ్వలేదు. కళ్ళు తెరిచిన మర్నాటి నుంచి ఆయన ఆ గర్భగుడి గడప దాటలేదు, అది ఆచారమని తల వంచుకున్నారు. మీ స్కానరు మాత్రం లోపలికి వెళ్ళింది.

పాంచరాత్రం

ఈ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఆచారం అలాగే ఉంది.

కావలి వకీలు

1957 నాటి కాపీరైటు చట్టంలో శిల్పం కూడా కళాకృతే. మామూలుగా హక్కు చెక్కినవారిది, వారి జీవితకాలమూ ఆ తరువాత 60 ఏళ్ళూ ఉంటుంది. పేరు చెక్కకపోయినంత మాత్రాన హక్కు పోదు. బహిరంగ ప్రదేశంలో ఉన్న శిల్పాన్ని ఫొటో తీయడం వేరు, రాతిలో మళ్ళీ చెక్కి అమ్మడం వేరు. ధర్మకర్తల అనుమతి గుడిలోకి వెళ్ళడానికి సరిపోవచ్చు గాని, నకలు తీయడానికి సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. కోర్టుకు వెళ్ళమని నేను చెప్పడం లేదు.

నల్లరాయి

చట్టం సంగతి తరువాత. ఉలిచప్పుడు అన్నా, ఒక ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పండి. ఇంత ప్రేమ ఉన్న మీరు ఉలి ఎందుకు పట్టలేదు? లెక్కల మాస్టారు ఎందుకయ్యారు? మీరు వదిలేసిన పనిని నేను యంత్రంతోనైనా నిలబెడుతున్నాను. పట్నంలో కూర్చొని పల్లెలో శిల్పి మాత్రం ధూళి పీల్చుతూ ఉలి పట్టుకొనే ఉండాలని కోరుకోవడం కూడా ఒక రకం పెత్తనమే.

ఉలిచప్పుడు

రెండు రోజులు జవాబు రాయలేదు. రాయలేకపోయాను.

నన్ను ఉలి పట్టనివ్వనిది నాన్నే. పదో తరగతి అయిన వేసవిలో ఒకసారి పట్టుకుంటే, చేతిలోంచి లాక్కొని బావి పక్కన పారేశారు. ఆయన తమ్ముడికి కూడా మీ పెదనాన్నగారి జబ్బే. అది ఇంతవరకు ఇక్కడ ఎందుకు రాయలేదో నాకే తెలియదు. యంత్రం వద్దని నేను ఇన్ని రోజులు వాదించాను గాని, ఆ యంత్రం అప్పుడే ఉండి ఉంటే మా బాబాయి బతికేవాడని మీరు మొదటే అని ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి. మీరు ధూళి లేకుండా చెక్కడం మీద నాకు ఇప్పుడు తగవు లేదు. మా ఇంటికి వచ్చి, ముసలాయన మంచం పక్కన కూర్చొని, మీరు తీర్చిన ముఖం నాకు కావాలని ఒక్క మాట అడగకపోవడం మీదే నా తగవు. ఆయన కాదనేవారో అవుననేవారో నాకు తెలియదు. చెప్పుకునే అవకాశం ఆయనకు ఉండాలి.

నల్లరాయి

ఆయన ఉన్నారని నాకు తెలియదు. ఇది నిజం. ఎవరు చెక్కారని ధర్మకర్తలను అడిగాను, పాతకాలం వాళ్ళెవరో అన్నారు. నేను ఇంకొకరిని అడిగి ఉండవలసింది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. గుండ్లకమ్మ గారూ, మీ కమిటీలో ఇంకా సగం సగం అని మీరు రాస్తున్నారు. మీ అధ్యక్షులు నాకు బయానా ఇచ్చి పది రోజులైంది. రాయి యంత్రం మీదే ఉంది, నడుము దాకా తేలింది. ముఖం ఇంకా మొదలుపెట్టలేదు.

గుండ్లకమ్మ ఒడ్డు

నాకు ఇప్పుడే తెలిసింది. ఊరంతటి దగ్గరా చందా తీసుకొని, నిర్ణయం మాత్రం ఒక గదిలో చేసుకున్నారు. మేము ఇక్కడ పుంశిల స్త్రీశిల అని వాదించుకుంటూ కూర్చున్నాము. ఆదివారం గుడి దగ్గర అందరినీ పిలుస్తున్నాను. ఆడవాళ్ళను కూడా పిలుస్తున్నాను, చందాలో వాళ్ళ డబ్బే ఎక్కువ.

సింగరకొండ భక్తుడు

డ్రమ్ము మిషను కూడా ఇలాగే ఎవరినీ అడగకుండా పెట్టారు. మేళం వాయించే కుటుంబం ఒకటి ఉండేది, తిరుపతికి వెళ్ళిపోయారు. అదే చెబుదామని ఇన్నిసార్లు రాశాను.

ఉలిచప్పుడు

నిన్న సాయంత్రం నాన్నకు నమూనా బొమ్మను ఫోనులో చూపించాను. చూపు సరిగా ఆనదు, చెవి దగ్గర పెద్దది చేసి చూపించమన్నారు. రెండు ముత్యాలను వేలితో తడిమారు. ఎవరు చేశారని అడిగితే యంత్రమని చెప్పాను. దానికి కూడా పెచ్చు ఊడిందా అన్నారు. ఊడలేదు, మీది చూసి అలాగే చేసిందని చెప్పాను. చాలాసేపు నవ్వి, దగ్గు వచ్చి ఆపారు. మూడు ఊళ్ళ సంగతి కూడా చెప్పాను. దానికి ఏమీ అనలేదు. ఏ రాయి, తట్టి చూశారా అని మాత్రం అడిగారు.

నల్లరాయి గారూ, మీరు తట్టి చూశారా?

నల్లరాయి

లేదు. క్వారీలో వైరుతో కోసి బ్లాకుగా వచ్చింది. నడుము దాకా చెక్కిన తరువాత తడితే ఏమి తెలుస్తుందో నాకు తెలియదు. యంత్రం ఆపేశాను. ఉలిచప్పుడు అన్నా, ఆదివారం గుండ్లకమ్మ గారి ఊరి సమావేశానికి వెళ్ళేముందు మీ ఇంటికి రావచ్చునా? కారు పెద్దదే, ఆయనకు పడుకొనే వీలుంటుంది. యార్డుకు తీసుకెళ్ళి తిరిగి దింపుతాను.

ఉలిచప్పుడు

అడిగి చెబుతాను.